జురాసిక్ కొత్త భాగాలు ఎందుకు ఎక్కట్లేదు? శనివారం ఏది వేయాలి?

వైట్‌ఫీల్డ్ వాసి: శనివారం రాత్రి మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పిల్లలకి సినిమా. 2025 నాటి జురాసిక్ వరల్డ్: రీబర్త్ వేద్దామంటే, సగం మంది 1993 నాటి మొదటి జురాసిక్ పార్కే కావాలంటున్నారు. కొత్తవాటి మీద ఇంత కోపం ఎందుకు?

ఇనుపడైనో: మొదటిది 127 నిమిషాలు. అందులో డైనోసార్లు కనిపించేది పావుగంట. కంప్యూటర్‌లో చేసింది సుమారు 6 నిమిషాలే, మిగతావి ఎఫెక్ట్స్ నిపుణుడు స్టాన్ విన్‌స్టన్ బృందం కట్టిన కదిలే బొమ్మలు. వాన సీన్‌లో టీ-రెక్స్ ఫోమ్ తోలు నీళ్లు పీల్చేసేది. బరువు పెరిగి బొమ్మంతా గజగజ వణికేది. టేకు టేకుకీ తువ్వాళ్లతో తుడిచి ఆరబెట్టేవాళ్లు. ఆ బరువు తెర మీద తెలుస్తుంది. కొత్తవాటిలో అది లేదు.

కోరమంగళ కెమెరా: బొమ్మలు కొత్తవాటిలోనూ ఉన్నాయండీ. 2015 సినిమాలో చనిపోతున్న అపటోసారస్ తల, మెడ బొమ్మే. 2018లో మత్తులో పడున్న టీ-రెక్స్ కూడా బొమ్మే. 2025ది 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు.

ఇనుపడైనో: ఒకటీ అరా ఉంటే సరిపోతుందా? మొత్తంలో ఎన్ని నిమిషాలు?

బీటీఎం బుల్లోడు: 2022లో మిడతల కథ పెట్టారు. నాకు అక్కడే ఆశ పోయింది.

కోరమంగళ కెమెరా: నిమిషాల లెక్క వదలండి. 1993లో గల్లిమిమస్ మంద పరుగు పూర్తిగా కంప్యూటర్‌దే, పైగా పట్టపగలు. అది ఎవరికీ తేలిపోయినట్టు అనిపించలేదే! అసలు పని ఓపికది. గ్లాసులో నీళ్లు కదలడానికి కారు డాష్‌బోర్డ్ కింద గిటార్ తీగ బిగించి మీటారు. గుండ్రటి అలలు వచ్చాయి. ఆ తర్వాత టీ-రెక్స్ కంచె దాటి వస్తుంటే నేపథ్య సంగీతమే లేదు. వాన, తెగుతున్న తీగలు, ఆ అరుపు, అంతే. ఆ అరుపులో ఏనుగు పిల్ల, పులి, మొసలి గొంతులున్నాయి.

ఇనుపడైనో: తిప్పి తిప్పి కొత్తవాటినే వెనకేసుకొస్తున్నావు. 2022 క్లైమాక్స్ చూశావా? టీ-రెక్స్, గిగనోటోసారస్, థెరిజినోసారస్ కుస్తీ పడతాయి. జంతువుకి పంతాలుంటాయా?

కోరమంగళ కెమెరా: ఏకవచనం వద్దు. 1993 సినిమా చివర్లో రాప్టర్ల నుంచి మనుషుల్ని కాపాడిందీ టీ-రెక్సే కదా?

ఇనుపడైనో: సారీ అండీ. కానీ అది కాపాడడానికి రాలేదు, తిండికి వచ్చింది. మనుషులు బతికిపోయారు, అంతే. నా బాధంతా ఇదే. 1993దాంట్లో జబ్బుపడిన ట్రైసెరాటాప్స్ పొట్ట మీద హీరో డాక్టర్ గ్రాంట్ వాలితే, దాని ఊపిరితో పాటు ఆయనా పైకీ కిందకీ కదులుతాడు. అది చూసిన పిల్లాడికి జంతువు మీద ప్రేమ పుడుతుంది. ఇప్పుడు దాదాపు ప్రతి సినిమాకీ ల్యాబ్‌లో కలిపి కుట్టిన కొత్త రాక్షసి. బొమ్మల లెక్క నేను అనవసరంగా పట్టుకున్నాను.

కోరమంగళ కెమెరా: ఇది మొదటి పోస్టులోనే రాసుంటే గొడవే లేదు. అయినా ఒక మాట: 1993 వెలోసిరాప్టర్ కూడా ఉన్నదున్నట్టు జంతువు కాదు. అసలుది టర్కీ కోడంత, ఒంటినిండా ఈకలు. 2022లో పైరోరాప్టర్‌కి ఈకలు పెట్టారు, ఆ పేరు కొత్తవాటికి దక్కాలి.

సర్జాపూర్ శీను: +1 ఈకలకి.

వైట్‌ఫీల్డ్ వాసి: సార్, శనివారం సంగతి?

కోరమంగళ కెమెరా: 1993దే వేయండి. దాని బొమ్మ వెడల్పు-ఎత్తుల నిష్పత్తి 1.85, మామూలు 16:9 తెర దాదాపు నిండుతుంది. 2025ది 2.39, పైనా కిందా నల్లపట్టీలు వస్తాయి. వాన సీన్ చీకటి, కిటికీలకి నల్లగుడ్డ కట్టకపోతే సగం కనిపించదు. సబ్‌వూఫర్ గది మూలకి ఆనించకండి, అడుగుల చప్పుడు ముద్దగా మోగుతుంది. టైముంటే 2025లో నది మీద తెప్ప సీన్ ఒక్కటీ చూపించండి. సినిమాకి మూలమైన 1990 నవలలోది, మొదటి సినిమాలోకి రాలేదు.

ఇనుపడైనో: తెప్ప సీన్‌కి నాకూ అభ్యంతరం లేదు. అందులో టీ-రెక్స్ మొదట ఒడ్డున పడి నిద్రపోతుంటుంది.