వేసవి సెలవుల్లో నలభై మంది విద్యార్థులతో పౌర సేవా కార్యక్రమం (కేఆర్ పురం, బెంగళూరు): ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (డిగ్రీ కాలేజీ లెక్చరర్, కేఆర్ పురం)

అందరికీ నమస్కారం. ఈ ఏడాది మా కాలేజీలో ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసర్ బాధ్యత నాకు ఇచ్చారు. మే నెలలో నాలుగు వారాలు, నలభై మంది పిల్లలతో ఏదైనా పౌర సేవా కార్యక్రమం నడపమని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. పిల్లల్లో సగానికి పైగా మనవాళ్లే. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో, పీజీల్లో ఉంటున్నారు. కన్నడ అంతంత మాత్రం.

ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్పడం, చెరువు శుభ్రం చేయడం, తడి చెత్త పొడి చెత్త మీద అవగాహన, ఓటరు నమోదు, ఇవన్నీ లిస్టులో ఉన్నాయి. నాలుగు వారాల్లో నాలుగూ చేసేయొచ్చని అందరూ అంటున్నారు. నాకైతే టెన్షన్‌గా ఉంది. బ్యానర్ పట్టుకుని ఫొటో దిగి వచ్చేయడం కాకుండా పిల్లలు ఏదైనా నేర్చుకోవాలి, ఇక్కడి జనానికి కాస్తయినా పనికిరావాలి. ఏ పని ఎంచుకోవాలి? ఎవరి అనుమతి కావాలి? డబ్బు పెద్దగా లేదు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

జవాబు (రిటైర్డ్ లెక్చరర్, యలహంక)

మేడం గారూ, చాలా ఏళ్లు ఎన్ఎస్ఎస్ యూనిట్ చూసినవాడిని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. నాలుగు పనులు వద్దు. ఒకే పని, ఒకే ప్రాంతం పెట్టుకోండి. పిల్లలు వెళ్లిపోయాక ఆ పనిని ఎవరు పట్టుకుంటారో ముందే తేల్చుకోండి. ఆ మనిషి ఎవరో తెలియని పనిని, ఎంత మంచిదైనా సరే, ఈ వేసవికి పక్కన పెట్టండి.

మీ లిస్టును మే నెల పక్కన పెట్టి చూడండి. కర్ణాటకలో ప్రభుత్వ బడులకు ఏప్రిల్ రెండో వారం నుంచి మే చివరిదాకా సెలవులు. మీరు పాఠాలు చెప్దామని వెళ్లేసరికి బడికి తాళం ఉంటుంది. చెరువు కట్ట మీద పని చేయాలంటే ఆ చెరువు ఏ శాఖ చేతిలో ఉందో కనుక్కుని అనుమతి తెచ్చుకోవాలి. ఆ తర్వాత కూడా పిల్లలు చేయగలిగేది ఒడ్డున ప్లాస్టిక్ ఏరడమే. మురుగు కాలువ చెరువులో కలుస్తున్నంత కాలం అది ఒక ఉదయపు పని అవుతుంది తప్ప నాలుగు వారాల కార్యక్రమం కాదు. చెత్త బ్లాక్ స్పాట్, అంటే జనం రోజూ చెత్త పడేసే చోటు, శుభ్రం చేసి ముగ్గు వేయడం చూడటానికి బాగుంటుంది. కానీ అక్కడ చెత్త వేసేది ఎవరు, ఏ టైంలో వేస్తున్నారు, చెత్త తీసుకెళ్లే ఆటో టిప్పర్ వాళ్ల వీధికి ఎన్నింటికి వస్తోంది అన్నది ముందు తెలుసుకోకపోతే వారం తిరిగేసరికి మళ్లీ కుప్ప పడుతుంది. ఈ ఊళ్లో 2010 నుంచి పేర్లు చెప్పుకోకుండా ఇలాంటి చోట్లను బాగుచేస్తున్న ‘ది అగ్లీ ఇండియన్’ బృందం కూడా చీపురు పట్టే ముందు ఆ చోటును గమనించడానికే ఎక్కువ సమయం పెడుతుంది.

కొందరు ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు వేయించండి అంటారు. 2005 చట్టం ప్రకారం జవాబుకు 30 రోజుల గడువు ఉంది. మే మొదటి వారంలో వేస్తే జవాబు వచ్చేసరికి మీ కార్యక్రమం అయిపోతుంది. వేయదలిస్తే మార్చిలోనే వేయండి.

నా సలహా ఫుట్‌పాత్ సర్వే. కేఆర్ పురం రైల్వే స్టేషన్, మెట్రో స్టేషన్, హ్యాంగింగ్ బ్రిడ్జ్ కింద బస్సులు ఆగే చోటు, అక్కడి నుంచి మీ కాలేజీ దాకా. మీ పిల్లలు రోజూ నడిచే దారే. తిరుపతి, కాకినాడ వైపు నుంచి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి లగేజీతో దిగే మనవాళ్లకీ ఆ దారి తెలుసు. 2023 అక్టోబరులో బైయప్పనహళ్లి, కేఆర్ పుర మధ్య మెట్రో లైను కలిసింది. రైలు దిగి మెట్రో ఎక్కేవాళ్లకు ఆ కొద్ది దూరం నడకే పెద్ద పని.

ఈ సర్వేకు కొలబద్ద ఉంది. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 103 అనే మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, రోడ్డు నుంచి ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. కాబట్టి ‘ఫుట్‌పాత్ బాగాలేదు’ అని కాకుండా ‘ఈ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 60 సెంటీమీటర్లే మిగిలింది’ అని రాయవచ్చు. ఇంజినీరు ముందు నిలబడేది రెండో మాటే.

జట్టుకు ఐదుగురు, ఎనిమిది జట్లు. ఇద్దరు టేపు పట్టుకుంటారు, ఒకరు రాస్తారు, ఒకరు ఫొటో తీస్తారు. ఐదో మనిషి పని ఒక్కటే, వెనక నుంచి వచ్చే బండ్లను చూస్తూ ఉండటం. ఆ ఐదో మనిషికి ఫోన్ చేతిలో ఉండకూడదు. ఈ ఒక్క విషయంలో ఖచ్చితంగా ఉండండి, ఎందుకంటే ఫుట్‌పాత్ కొలుస్తూ కొలుస్తూ పిల్లలు తెలియకుండానే రోడ్డు మీదికి దిగుతారు. ప్రతి 50 మీటర్లకు ఒకసారి, మధ్యలో అడ్డం వచ్చిన ప్రతి చోటా కొలవాలి. చెట్టు ఉంటే చెట్టు మొదలు నుంచి కాంపౌండ్ గోడ దాకా, అన్నిటికన్నా ఇరుకైన చోట. కాగితంలో రాయాల్సింది దగ్గరి కరెంటు స్తంభం నంబరు, వెడల్పు, ఎత్తు, ఏది అడ్డం ఉంది, పలకలు విరిగాయా అన్నవి చాలు. పొద్దున ఎనిమిది తర్వాత ఒక పావుగంట నిలబడి ఎంతమంది ఫుట్‌పాత్ వదిలి రోడ్డు మీద నడుస్తున్నారో లెక్కపెట్టించండి. రిపోర్టులో చదివేవాళ్లు ముందు చూసేది ఆ అంకెనే.

జవాబు (చెత్త సేకరణ కార్మికులతో పనిచేసే సంస్థలో ఉద్యోగి, హెచ్ఎస్ఆర్ లేఔట్)

సార్ చెప్పినదానికి ఒక మాట కలుపుతానక్కా. ఫుట్‌పాత్ మీద ఉన్న పూలమ్మ, టీ బండి, కూరగాయల తోపుడు బండి, వీటిని ‘ఆక్రమణ’ అనే గడిలో రాయించకండి. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా వాళ్లను ఖాళీ చేయించకూడదు. మీ పిల్లల కాగితం చూపించి ఎవరైనా వాళ్ల బండి ఎత్తేస్తే పిల్లలు అది జీవితాంతం మర్చిపోలేరు. వాళ్లనూ అడగమనండి. ఎక్కడ నిలబడితే నడిచేవాళ్లకు దారి ఉంటుందో వాళ్లకే బాగా తెలుసు. పార్క్ చేసిన బైకులు, కేబుల్ చుట్టలు, పడేసిన కంకర, ఇవి వేరే గడి.

పౌరకార్మికులతో, అంటే వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులతో, మాట్లాడాలనుకుంటే మరీ మంచిది. ఈ ఊళ్లో ఆ పనిలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, మీ పిల్లలకు భాష అడ్డు రాదు. కానీ పొద్దున ఆరున్నరకు హాజరు వేయించుకుని వీధుల్లోకి వెళ్తారు, ఆ టైంలో ఆపకండి. టిఫిన్ తినే వేళకు వెళ్లి, వాళ్లు కూర్చుంటే మీరూ పక్కన కూర్చుని మాట్లాడండి. ముఖం కనిపించేలా ఫొటో మాత్రం అడగకుండా తీయొద్దు.

ఇంకోటి, కలిసిపోయిన చెత్తను పిల్లల చేత చేత్తో వేరు చేయించొద్దు. పగిలిన గాజు, సూదులు, ప్యాడ్లు అన్నీ అందులోనే ఉంటాయి. పల్చటి ప్లాస్టిక్ గ్లౌజులు దేనికీ ఆగవు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చాలా థాంక్సండి. ఫుట్‌పాత్ సర్వే మా పరిధిలోనే ఉంది, మనసుకు నచ్చింది కూడా. మూడు డౌట్లు. లెటర్ ఎవరి పేరున పెట్టాలి? బీబీఎంపీ (పాత నగర పాలక సంస్థ) లేదు కదా ఇప్పుడు. రెండోది, ఎండా వానా సంగతి. మూడోది, చివరి రోజు ఏదైనా కనిపించే పని ఉండాలని ప్రిన్సిపాల్ గారి కోరిక, గోడకు రంగులు వేద్దామంటున్నారు.

జవాబు (రిటైర్డ్ లెక్చరర్, యలహంక)

2025 సెప్టెంబరులో బీబీఎంపీ పోయి ఐదు నగర పాలికలు వచ్చాయి, పైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ ఉంది. కేఆర్ పురం మహదేవపురతో కలిసి తూర్పు నగర పాలికలోకి వస్తుంది. కాబట్టి తూర్పు నగర పాలిక కమిషనర్ గారికి ఒకటి, మీ ప్రాంతపు ఏఈఈకి (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్‌కు) ఒకటి, లోకల్ పోలీస్ స్టేషన్‌కు ఒకటి. పాత 198 వార్డుల మ్యాపు మీద పిల్లలకు వీధులు పంచకండి, హద్దులు మారాయి. ఆఫీసులో అడిగి ఇప్పటి మ్యాపు తీసుకోండి. స్టేషన్ ఆవరణలో కొలవాలంటే రైల్వేకు, మెట్రోకు విడిగా రాయాలి. ఆ తలనొప్పి ఎందుకు, గేటు బయట నుంచే మొదలుపెట్టండి. మే నెలలో ఎన్నికల కోడ్ ఏదైనా ఉంటుందేమో కూడా కనుక్కోండి, అప్పుడు అధికారులకు మీతో కూర్చునే తీరిక ఉండదు.

ఎండ సంగతి. పొద్దున ఏడు నుంచి పదిన్నర, అంతే. మధ్యాహ్నం కాలేజీలో కూర్చుని పొద్దున రాసింది కంప్యూటర్లోకి ఎక్కించాలి. అదే రోజు ఎక్కించకపోతే మర్నాటికి ఆ కొట్టివేతలు రాసినవాళ్లకే అర్థం కావు. మే సాయంత్రాలు ఇక్కడ ఉరుములు, ఈదురుగాలితో వాన పడుతుంది, కొమ్మలు విరిగిపడతాయి. మూడు దాటాక ఎవరినీ బయట ఉంచొద్దు. మంచినీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ప్రతి జట్టు దగ్గరా ఒక ఫస్ట్ ఎయిడ్ డబ్బా. ఫస్టియర్ పిల్లల్లో పద్దెనిమిది నిండనివాళ్లు ఉంటారు, వాళ్ల తల్లిదండ్రుల సంతకం ముందే తెప్పించుకోండి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు కాగితం వెళ్లి రావడానికే పది పదిహేను రోజులు పడుతుంది.

గోడ సంగతి జాగ్రత్త. కర్ణాటకలో బహిరంగ స్థలాల వికృతీకరణ నిరోధక చట్టం 1981 నుంచి ఉంది. అనుమతి లేకుండా గోడల మీద రాయడం, పోస్టర్ అంటించడం నేరం. మీ కాలేజీ కాంపౌండ్ గోడే ఉందిగా, దానికి వేయండి. చివరి రోజు కోసం అంతకన్నా మంచి పని ఒకటుంది. ఏఈఈ గారిని, చుట్టుపక్కల నివాసుల సంఘం వాళ్లను, ఆ దారిలో అంగళ్లు పెట్టుకున్నవాళ్లను పిలిచి పిల్లల చేత ఆ దారిలోనే నడిపించండి. ఎక్కడ 1.8 మీటర్లు లేదో అక్కడ సుద్దముక్కతో గీసి చూపిస్తారు. ప్రిన్సిపాల్ గారికి ఫొటోలూ వస్తాయి. సంఘం వాళ్లు ఆ జాబితా తీసుకుంటే జూన్ తర్వాత వెంటపడేది వాళ్లే.

ఫిర్యాదులు పెట్టేటప్పుడు ఒక్కో విరిగిన పలకకు ఒక్కో ఫిర్యాదు పెట్టండి. అన్నీ కలిపి ఒకటే పెడితే ఒక చోట బాగుచేసి మొత్తం క్లోజ్ చేసేస్తారు. ప్రతి ఫిర్యాదు నంబరూ మీ రిజిస్టర్‌లో ఉండాలి.

జవాబు (బీటెక్ విద్యార్థిని, మారతహళ్లి)

నమస్తే మేడం, నమస్తే సార్. బస్సు గురించి చెప్తాను. శక్తి పథకంలో ఆడవాళ్లకు ఉచిత టికెట్ కర్ణాటక అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డుకే ఇస్తారు. మా ఆధార్ ఆంధ్రా అడ్రస్‌తో ఉంటుంది కాబట్టి మేం టికెట్ కొనాల్సిందే. బడ్జెట్‌లో అమ్మాయిలకు సున్నా వేసేయకండి.

నాదొక డౌట్ సార్. మా తమ్ముడు అనంతపురం వైపు డిగ్రీ ఫస్టియర్. వాళ్లకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. అమ్మానాన్నలు ఇక్కడే పనిచేస్తున్నారు, వాడూ సెలవుల్లో ఇక్కడే ఉంటాడు. ఇలాంటి సర్వేలో చేరితే లెక్కలోకి వస్తుందా?

జవాబు (రిటైర్డ్ లెక్చరర్, యలహంక)

అమ్మా, ఆంధ్రాలో అది 180 గంటలు, 4 క్రెడిట్లు. ఎన్ఎస్ఎస్ లెక్క వేరు, ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకు 240. మీ వీటీయూ (ఇక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయం) వాళ్లకైతే ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) యాక్టివిటీ పాయింట్లు 100 కావాలి. ఒకదాని సర్టిఫికెట్ ఇంకోదానికి దానంతటది చెల్లదు. తమ్ముడిని వాళ్ల మెంటార్‌కు ఇప్పుడే రాతపూర్వకంగా అడగమను, ఒప్పుకుంటే ఆ మెయిల్ దాచుకోమను. ఏ రోజుది ఆ రోజే లాగ్ బుక్‌లో రాసి సంతకం పెట్టించుకోవాలి. నెలాఖరున కూర్చుని అంతా ఒకే పెన్నుతో రాస్తే చూడగానే తెలిసిపోతుంది.

మేడం గారూ, మీరు కూడా మొదటి రోజే ఎవరికి ఏ సర్టిఫికెట్ కావాలో అడిగి రాసుకోండి.

జవాబు (ప్రభుత్వ ఉద్యోగి, రామ్మూర్తి నగర్)

ఓటరు నమోదును పూర్తిగా వదిలేయకండి మేడం, మీ నలభై మందితోనే ఒక పూటలో అయిపోతుంది. కొత్తవాళ్లకు ఫారం 6, ఊళ్లో ఓటు ఉండి ఇక్కడికి మార్చుకునేవాళ్లకు ఫారం 8. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలకు పద్దెనిమిది నిండితే చాలు. పదిహేడు దాటినవాళ్లు ముందుగానే పెట్టుకోవచ్చు. ఓటు ఊళ్లో ఉంచుకోవాలా ఇక్కడ పెట్టుకోవాలా అన్నది పిల్లల ఇష్టానికే వదిలేయండి. రెండు చోట్లా మాత్రం ఉండకూడదు.

ఇంటింటికీ తిరిగి ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు ఎవరి చేతా రాయించకండి. జనం భయపడతారు, భయపడటంలో న్యాయం ఉంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. సోమవారం లెటర్లు పట్టుకుని వెళ్తాను. లెటర్లో ఏం రాయాలో, కన్నడ రాని పిల్లలు మాట ఎలా కలపాలో చెప్తే చాలండి.

జవాబు (రిటైర్డ్ లెక్చరర్, యలహంక)

ప్రతి జట్టులో కన్నడ బాగా వచ్చినవాళ్లు ఒక్కరైనా ఉండేలా కలపండి. మిగతావాళ్లు కూడా ఈ మాటలు నోటికి నేర్చుకోవాలి: ‘నమస్కార, నావు కాలేజినింద బందిద్దీవి. ఐదు నిమిష మాతాడబహుదా?’ (మేం కాలేజీ నుంచి వచ్చాం, ఐదు నిమిషాలు మాట్లాడొచ్చా అని.) తప్పులొచ్చినా పర్లేదు. మొదటి మాట కన్నడలో వస్తే తర్వాత తెలుగులోనో హిందీలోనో వాళ్లే సర్దుకుంటారు.

లెటర్ కాలేజీ లెటర్‌హెడ్ మీద, కన్నడలో, ఒక పేజీ దాటకుండా. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ టైంలో, ఏ రోడ్లలో, ఎంతమంది, వెంట ఉండే లెక్చరర్ల పేర్లు, ఫోన్ నంబర్లు. ఏ పార్టీతోనూ సంబంధం లేదని, ట్రాఫిక్‌కు అడ్డం రామని, కొలతల కాపీ మీ ఆఫీసుకే ముందు ఇస్తామని మూడు వాక్యాలు. వెనక మ్యాపు. రెండేసి కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఇన్‌వార్డ్ సీలు (లెటర్ అందిందని వేసే ముద్ర), తేదీ వేయించుకోండి. ఆ సీలున్న కాగితం జిరాక్స్ ప్రతి జట్టు ఫైల్లోనూ పెట్టండి. రోడ్డు మీద ఎవరైనా ఆపి అడిగితే పిల్లలు వాదించకుండా అది చూపించి, మీకు ఫోన్ కలపాలి.