2019లో వద్దనుకున్న కైలాస యాత్ర: ఇప్పుడు బాధపడటంలో అర్థం ఉందా?

కృష్ణాతీరం:
2019లో కైలాస మానస సరోవర యాత్రకు విదేశాంగ శాఖ తీసిన డ్రాలో మా నాన్నగారి పేరు వచ్చింది, ఉత్తరాఖండ్ నుంచి టిబెట్‌లోకి వెళ్లే లిపులేఖ్ కనుమ దారిలో. అప్పటికి ఆయనకు బీపీ, షుగర్ ఏవీ లేవు. అయినా "అంత ఎత్తులో ఊపిరి ఆడకపోతే ఎలా, వచ్చే ఏడాది చూద్దాంలే" అని ఆయనే మానుకున్నారు. 2020లో కోవిడ్ వల్ల యాత్ర ఆగిపోయింది. మళ్లీ 2025లో గానీ మొదలవలేదు. ఈలోగా ఆయనకు డెబ్బై దాటాయి. ప్రభుత్వ యాత్రకు 70 ఏళ్లే హద్దు. ఇప్పుడు టీవీలో మానస సరోవరం కనిపిస్తే చాలు, లేచి వెళ్లిపోతున్నారు. అప్పుడు చేసింది సరైన పనే, దానికి కుమిలిపోవడం ఎందుకని అన్నయ్య అంటాడు. మీరేమంటారు?

ఓరుగల్లు కోట:
మీ అన్నయ్యగారి మాటే నాదీ. 1998 ఆగస్టులో ఇదే దారిలో, మాల్పా దగ్గర రాత్రి బస చేసిన యాత్రికుల మీద కొండచరియ విరిగిపడింది. అరవై మంది దాకా పోయారు, నర్తకి ప్రొతిమా బేడీ కూడా. కైలాసం చుట్టూ చేసే పరిక్రమలో దాటాల్సిన డోల్మా లా కనుమ 5,600 మీటర్ల పైమాటే. ఎత్తు వల్ల వచ్చే జబ్బు గట్టి మనిషినీ వదలదు. నాన్నగారు ఇంటిపట్టున క్షేమంగా ఉన్నారు, అది చాలదా?

నాగావళి:
క్షేమం మాట సరే. కానీ ఆ యాత్రకు పేరు రాగానే పంపించేయరండీ. ముందు ఢిల్లీలో గుండె, ఊపిరితిత్తుల పరీక్షలు చేస్తారు. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 25 దాటితే అక్కడే ఆపేస్తారు. ఆ తర్వాత దారిలో గుంజి అనే ఊళ్లో ఐటీబీపీ (సరిహద్దు పోలీసు దళం) డాక్టర్లు ఇంకోసారి చూస్తారు. నేను వెళ్లినప్పుడు ఆ వరసలో కూర్చున్నాను. చేతికి పట్టీ చుడుతుంటే టెన్షన్‌కే చాలామందికి బీపీ పెరిగిపోయింది. కాసేపు పక్కన కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, మళ్లీ చూశారు. మా బ్యాచ్‌లో ఒక పెద్దాయనకు అప్పటికీ తగ్గలేదు, వెనక్కి పంపేశారు. ఏడ్చారు పాపం. తర్వాత ఫోన్‌లో మాట్లాడినప్పుడు మాత్రం "నా వంతు నేను చేశాను, పైవాడి దయ" అన్నారు, తేలికపడ్డ గొంతుతో.

మీ నాన్నగారిని డాక్టరు ఆపలేదు, పరీక్ష దాకా వెళ్లకుండానే భయం ఆపేసింది. ఆయన్ని తినేస్తున్నది అదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఆ బాధను అనవసరమని కొట్టిపారేయకండి.

ఓరుగల్లు కోట:
కోవిడ్ వస్తుందని 2019లో ఎవరికి తెలుసండీ? ఇప్పుడు తెలిసినదాన్ని పట్టుకుని అప్పటి నిర్ణయాన్ని తూచడం అన్యాయం.

నాగావళి:
కోవిడ్ సంగతి తెలియదు, ఒప్పుకుంటాను. ఆ దారి మన చేతిలో ఉండదన్నది మాత్రం అందరికీ తెలిసిందే. 1962 చైనా యుద్ధం తర్వాత మూతపడితే 1981 దాకా తెరవలేదు. 2015లో తెరిచిన సిక్కింలోని నాథూ లా దారి 2017లో చైనాతో వచ్చిన డోక్లాం సరిహద్దు గొడవతో ఆగింది. అలాంటి చోటికి "వచ్చే ఏడాది" అనుకోవడంలోనూ ప్రమాదం ఉంది. జాగ్రత్తపరులు ఆ ప్రమాదాన్ని లెక్కలోకి తీసుకోరు, నాకు నచ్చనిది అదే.

కృష్ణాతీరం గారూ, ఉత్తరాఖండ్‌లోనే ఆది కైలాసం, ఓం పర్వతం అనే పవిత్ర శిఖరాలు ఉన్నాయి. ఇప్పుడు జీపులు చాలా దగ్గర దాకా వెళ్తున్నాయి. దారిలో ధార్చూలా అనే పట్నంలో ఇన్నర్ లైన్ పర్మిట్ (సరిహద్దు ప్రాంతంలోకి వెళ్లే అనుమతి) తీసుకోవాలి. కానీ అదీ బాగా ఎత్తే, గుండె డాక్టరుకు చూపించకుండా బయల్దేరకండి. ఈసారి జవాబు డాక్టరునే చెప్పనివ్వండి.

కృష్ణాతీరం:
డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. నాన్నగారు రానన్లేదు, "స్వెటర్లు ఎక్కడున్నాయి" అని అమ్మనడిగారట. జులైలో నాకు సెలవులు దొరుకుతాయి, అప్పుడు వెళ్లొచ్చా?

ఓరుగల్లు కోట:
జులై, ఆగస్టు వద్దే వద్దు. ఆ దారిలో కొండచరియలు ఎక్కువగా విరిగిపడేది వానల్లోనే. మే, జూన్ మొదట్లో గానీ, వానలు తగ్గాక సెప్టెంబరు చివర్లో గానీ పెట్టుకోండి. గుంజిలో రెండు రాత్రులు ఆగి, ఒళ్లు అలవాటు పడ్డాకే పైకి తీసుకెళ్లండి.