జెఫర్సన్‌కి కొడుకులే మిగల్లేదు కదా, మరి వై డీఎన్‌ఏ ఎవరితో పోల్చారు?

గుంటూరు_టు_రిచ్‌మండ్:
అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చారు కదాని మొన్న శనివారం మాంటిచెల్లో తీసుకెళ్లాను, అదే అమెరికా మూడో అధ్యక్షుడు జెఫర్సన్ వర్జీనియాలో కట్టుకున్న ఇల్లు. ఇల్లు, తోట అంతా తిరిగాక కింద శాలీ హెమింగ్స్ గది చూశాం. ఆమె బొమ్మ ఒక్కటి కూడా దొరకలేదట. ఆ ఇంట్లో బానిసగా ఉన్న ఆమె పిల్లలకి తండ్రి థామస్ జెఫర్సనే అని, 1998లో డీఎన్‌ఏ పరీక్ష కూడా చేశారని గైడ్ చెప్పింది. మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు, ఊరుకుంటారా? కారెక్కీ ఎక్కకముందే మొదలుపెట్టారు: "ఒరే, వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కే కదరా వచ్చేది, ఆయనకి భార్య వల్ల పెరిగి పెద్దయినవాళ్లు ఇద్దరూ ఆడపిల్లలే అన్నారుగా, మరి దేంతో పోల్చారు, సమాధి తవ్వారా?" నా దగ్గర సమాధానం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి, రోజూ భోజనాల దగ్గర ఇదే గొడవ.

ల్యాబ్‌కోటు:
సమాధి తవ్వలేదండీ, పెదనాన్న వైపు నుంచి వచ్చారు. వై అంటే మన ఇంటిపేరు లాంటిదే, తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, ఆడపిల్ల దగ్గర ఆగిపోతుంది. తేడా ఏంటంటే దత్తత వెళ్తే ఇంటిపేరు మారుతుంది గానీ వై మారదు. థామస్ తండ్రి పీటర్‌కి ఫీల్డ్ అని ఒక అన్న ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే వై కాబట్టి ఫీల్డ్ మగ సంతతిలో ఐదుగురిని వెతికి పట్టుకుని రక్తం తీసుకున్నారు. యూజీన్ ఫోస్టర్ అనే రిటైరైన పెథాలజిస్టు చేయించిన పని ఇది. శాలీ చిన్న కొడుకు ఎస్టన్ వంశం నుంచి ఒక్కరే దొరికారు. 19 మార్కర్లు, అంటే వై మీద వంశానికీ వంశానికీ తేడా కనిపించే చోట్లు, చూస్తే ఆ వైతో సరిపోయింది. ఆ రకం యూరప్‌లో బాగా అరుదు, ఏదో కాకతాళీయం అనడానికి లేదు.

ఇంకోటి, ఆ పిల్లలు మా తాతయ్య పిల్లలు కాదు, ఆయన మేనల్లుళ్లు కార్ సోదరుల పిల్లలు అని జెఫర్సన్ మనవలు చెప్పుకునేవారు. మేనల్లుడిది వాళ్ల నాన్న వై కదా, కార్ వంశం వాళ్లనీ పరీక్షించారు, ఎస్టన్ వైతో కలవనే లేదు. అటు, మేం శాలీ పెద్దకొడుకు సంతతి అని తరతరాలుగా చెప్పుకున్న వుడ్‌సన్ కుటుంబానిదీ కలవలేదు, పాపం.

పాతకాగితాలు:
పైన చెప్పింది కరెక్టే గానీ, ఎస్టన్ తండ్రి జెఫర్సన్ వంశపు మగవాడు అన్నంతవరకే డీఎన్‌ఏ చెప్పింది. ఏ మగవాడో చెప్పదు. థామస్ తమ్ముడు రాండల్ఫ్‌కీ అతని కొడుకులకీ అదే వై. ఆ ఫలితం అచ్చేసిన నేచర్ పత్రిక మాత్రం థామసే అన్నట్టు హెడ్డింగ్ పెట్టేసి తిట్లు తింది.

అసలు పని కాగితాలు చేశాయి. జెఫర్సన్‌కి అన్నీ రాసుకునే పిచ్చి. ఫామ్ బుక్ అని తన పొలాల, బానిసల లెక్కలు రాసుకున్న పుస్తకం స్కాన్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, చూడండి. శాలీ పేరు, దాని కింద బెవర్లీ 98, హ్యారియట్ 01, మాడిసన్ 05, ఎస్టన్ 08, అంటే 1798 నుంచి 1808 దాకా పుట్టిన ఏళ్లు. అంతే, తండ్రి పేరు లేదు. తల్లి బానిసైతే బిడ్డా బానిసే అని 1662లోనే వర్జీనియా చట్టం చేసింది, కాబట్టి తండ్రెవరో రాయాల్సిన పని యజమానికి లేదు, రాయకపోతేనే సుఖం కూడా. ఆ తేదీల్ని ఆయన జమాఖర్చులు, ఉత్తరాల పక్కన పెడితే, ప్రతి కాన్పుకీ తొమ్మిది నెలల ముందు ఆయన మాంటిచెల్లోలోనే ఉన్నాడు. పదవుల వల్ల ఎప్పుడూ ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ అంటూ తిరిగిన మనిషి! 1873లో మాడిసన్ కూడా ఒహాయోలో ఒక పత్రికకి మా నాన్న ఆయనే అని చెప్పాడు.

నమ్మను_చూపించు:
అన్నా, రాండల్ఫ్‌ని 1807 ఆగస్టులో రమ్మని ఉత్తరం రాశాడుగా? ఎస్టన్ పుట్టింది 1808 మేలో. ఈ లెక్కా సరిపోయింది. పైగా ఒక్క ఎస్టన్‌ని పట్టుకుని పిల్లలందరినీ అంటగడితే ఎలా?

పాతకాగితాలు:
రమ్మన్న ఉత్తరం ఉంది తమ్ముడూ, వచ్చిన దాఖలా లేదు. వచ్చాడనే అనుకో, మిగతా కాన్పులన్నిటికీ కూడా లెక్క కుదరాలిగా? 1998కి ముందు అతని పేరెత్తినవాళ్లే దాదాపు లేరు. మిగతా పిల్లల సంగతి డీఎన్‌ఏతో తేలలేదన్నది నిజమే. మాడిసన్‌కి తెగకుండా వచ్చిన మగ సంతతి దొరకలేదు. ఒక కొడుకు సమాధి కాన్సాస్‌లో ఉంది, తవ్వడానికి కుటుంబం ఒప్పుకోలేదు. నన్నడిగితే మంచి పని చేశారు, వాళ్ల మాట నమ్మనివాళ్ల కోసం ఎముకలు బయటికి తీయాలా?

ల్యాబ్‌కోటు:
ఎస్టన్ సంగతి చెప్పడం మర్చిపోయా. 1852లో విస్కాన్సిన్ వెళ్లి, తెల్లవాడిగా బతకడానికి హెమింగ్స్ తీసేసి జెఫర్సన్ అని పెట్టుకున్నాడు. అప్పుడు చాలామంది దాన్ని దొంగ ఇంటిపేరనే అనుకుని ఉంటారు.

గుంటూరు_టు_రిచ్‌మండ్:
అందరికీ థాంక్స్. నాన్నకి మొత్తం చదివి వినిపించా. పెదనాన్న దారి విని "అబ్బ, భలే" అన్నారు గానీ దత్తత మాట దగ్గర ఆగిపోయారు. మా తాత పదేళ్లప్పుడు దత్తత వచ్చాడట, మా ఇంటిపేరు అలా వచ్చిందని నాకు ఇన్నేళ్లకి తెలిసింది. అసలు ఇంటిపేరు ఏంటి నాన్నా అంటే "ఆ నీళ్ల సీసా ఇటివ్వు" అన్నారు. ఇవాళ పొద్దున కాఫీ తాగుతూ, ఆ డీఎన్‌ఏ కిట్ ఎంతవుతుందిరా అని అడిగారు.