అప్‌డేట్: నాన్నగారి మూత్రాశయం బయాప్సీ రిపోర్టు

బయాప్సీ ముక్కకి రంగు పట్టించి చూసే పరీక్షల్లో సీకే20 పాజిటివ్, కేఐ-67 ఎక్కువ అని రాశారు, అంటే క్యాన్సర్ మూత్రాశయం గోడలోని కండలోకి పాకేసినట్టేనా అని మొన్న ఇక్కడ అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. మీరన్నట్టే అమలాపురం నుంచి స్లైడ్లు, బ్లాకులు (తీసిన ముక్కని మైనంలో దాచినవి) పట్టుకుని కాకినాడలో ఇంకో పెథాలజిస్టుకి చూపించాం. ఆవిడ ఎంతో ఓపిగ్గా చెప్పారు. సీకే20 మామూలుగా లోపలి పొరలో పైవరస గొడుగు కణాల్లోనే కనిపించాలట, నాన్నగారి స్లైడులో అడుగువరస దాకా గోధుమరంగు పట్టేసి ఉంది. కేఐ-67 ఏమో ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయో చెబుతుంది. రెండూ ఇలా ఉంటే ముదిరే ప్రమాదం ఎక్కువని అనుమానించాలి, అంతేగానీ ఎంత లోతుకి వెళ్లిందో ఇవి చెప్పవు. అది తేలాలంటే తీసిన ముక్కలో కండ ఉండాలి, మొదటిసారి తీసినదాంట్లో అసలు కండే లేదు! అందుకే మళ్లీ టీయూఆర్ (మూత్రనాళం గుండా పరికరం పంపి ముక్క తీసే ఆపరేషన్) చేశారు. ఈసారి కండ వచ్చింది, అందులో క్యాన్సర్ లేదు. అంటే టీ1 హైగ్రేడ్ (దూకుడు రకమే, కానీ కండ దాకా వెళ్లలేదు), టీ2 (కండలోకి వెళ్లినది) కాదు. ఎంత టెన్షన్ తగ్గిందో చెప్పలేను. ఇక వారానికొకటి చొప్పున 6 బీసీజీ డోసులు (మూత్రాశయంలోకి ఎక్కించే మందు), తర్వాత సిస్టోస్కోపీ (కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూడటం). నాన్నగారు చుట్ట మానేశారు. మీ ఇంట్లో ఎవరికైనా నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే వేడి చేసిందని కొబ్బరినీళ్లు తాగించి ఊరుకోకండి, వెంటనే యూరాలజిస్టుకి చూపించండి.