18 నిండి హోమ్ నుంచి బయటికొచ్చే పిల్లలకు భాషా పరీక్ష అవసరమా?

కోరమంగల వాసి:
బెంగళూరులో ఒక పిల్లల హోమ్‌లో ఆదివారాలు లెక్కలు చెప్తుంటాను. అనంతపురం, కర్నూలు వైపు నుంచి కూలి పనులకు వచ్చిన కుటుంబాల పిల్లలూ ఉన్నారు అక్కడ. 18 నిండి వెళ్లేవాళ్లకు స్పోకెన్ ఇంగ్లిష్, డ్రైవింగ్ నేర్పిస్తున్నారు. వాటితోపాటు స్పీచ్ థెరపిస్టు చేత భాషా పరీక్ష కూడా, అంటే విన్నది ఎంత అర్థమవుతోంది, చెప్పాల్సింది ఎంత చెప్పగలుగుతున్నారు అని చూడటం, చేయించాలని నేనంటాను. తోటి వాలంటీర్లు అనవసరం అంటున్నారు.

ఒక అబ్బాయి గోడౌన్‌లో చేరాడు. "మూడో ర్యాక్ నుంచి రెండు బాక్సులు దించు, స్కాన్ చెయ్, చిరిగినవి పక్కన పెట్టి నాకు చెప్పు" అని సూపర్‌వైజర్ ఒక్క ఊపులో చెప్పాడు. "సరే సార్" అన్నాడు. బాక్సులు దించి అలాగే నిలబడ్డాడు. ఏమైందిరా అంటే "తెలీదు సార్". నెల తిరక్కుండానే పొగరని తీసేశారు. వాడికి పొగరు లేదు. విన్నది వరసగా గుర్తుండదు, మళ్లీ అడగడం రాదు, జరిగింది చెప్పుకోలేడు.

వైట్‌ఫీల్డ్ హెచ్‌ఆర్:
నేను ఒప్పుకోను. పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద బయటికొచ్చాక ఇచ్చేది నెలకు 4,000 రూపాయలు. ఈ ఊళ్లో పీజీలో ఒక మంచానికే చాలదు. ముందు గది, బ్యాంకు ఖాతా, ఉద్యోగం చూడండి. అసలే హోమ్ కుర్రాడని చిన్నచూపు, దాని మీద "మాటల సమస్య" అని కాగితం కూడా అంటిస్తారా? ఇంట్లో తెలుగు, హోమ్‌లో కన్నడ, బడిలో ఇంగ్లిష్. ఎవరైనా తడబడతారు. పనిలో పడితే మాట అదే వస్తుంది.

బసవనగుడి స్పీచ్ థెరపిస్టు:
మూడు భాషల వల్ల ఇది రాదండీ. డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్, అంటే చిన్నప్పటి నుంచే భాష అర్థం చేసుకోవడంలో, మాట్లాడటంలో ఉండే ఇబ్బంది, మామూలుగానే నూటికి ఏడుగురు పిల్లల్లో ఉంటుంది. ఉంటే వాళ్లకు వచ్చిన అన్ని భాషల్లోనూ కనిపిస్తుంది. కన్నడలో తడబడే పిల్ల తెలుగులో చక్కగా కథ చెప్తే కంగారు లేదు. కానీ ఆరేళ్లకే ఇల్లు వదిలితే తెలుగు కూడా చెదిరిపోతుంది, అందుకే గంటలో తేల్చే పని కాదు. ఇంగ్లండ్‌లో సంరక్షణ నుంచి బయటికొచ్చిన యువతపై 2021లో ఒక అధ్యయనం వచ్చింది. అందులో పరీక్ష చేసిన యువతలో సగం మందికి పైగా ఈ సమస్య ఉంది. చిన్న గుంపు, అక్కడి లెక్క. ఇక్కడికి అలాగే అతికించకూడదు. అయినా కాగితం లేకపోతే పేరు పడదనుకోవద్దు, "పొగరు" అని పడనే పడింది కదా.

హోమ్‌లో పెరిగినవాణ్ణి:
అన్నా, హోమ్‌లో గంట కొడితే అన్నం, గంట కొడితే చదువు, గంట కొడితే నిద్ర. ఏదీ అడగాల్సిన పని లేదు. బయటికొస్తే ప్రతిదీ నోరు తెరిచి అడగాలి. ఇంటి ఓనర్ "మీ నాన్న ఏం చేస్తారు?" అంటే ఏం చెప్పాలో మాకెవరూ నేర్పలేదు. నేను గమ్మున నిలబడ్డాను, గది ఇవ్వలేదు. పరీక్ష పెట్టండి, కానీ ఎందుకో ముందు మాకు చెప్పండి. రిపోర్టు మా చేతికే ఇవ్వండి, కంపెనీకి వద్దు.

కోరమంగల వాసి:
తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే జరగాలి. ఇంకొకటి, 18కి చూడటం ఆలస్యమే. 2015 బాలల న్యాయ చట్టంలోని 46వ సెక్షన్ బయటికొచ్చాక సాయం గురించి చెప్తుంది, 2016 నమూనా నియమాల ప్రకారం అది 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు ఉండొచ్చు. ప్రతి పిల్లకూ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఎలాగూ రాస్తారు. 15, 16 ఏళ్లప్పుడే అందులో మాట గురించి కూడా రాయించాలి.

వైట్‌ఫీల్డ్ హెచ్‌ఆర్:
రిపోర్టు పిల్లల దగ్గరే ఉంటే నాకు అభ్యంతరం లేదు. ఖర్చు ఆ 4,000లోంచి కోస్తే మాత్రం గట్టిగా వ్యతిరేకిస్తాను.

బసవనగుడి స్పీచ్ థెరపిస్టు:
కోయక్కర్లేదు. ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రి నిమ్హాన్స్‌లో స్పీచ్ విభాగం ఉంది. తెలుగులో చూసేవాళ్లు దొరకడమే కష్టం. పిల్లలు సరేనంటే శనివారాలు నేనే వస్తాను, హోమ్ సూపరింటెండెంట్‌ని అడిగి చెప్పండి.