అత్తగారి వంశంలో ఒక తరానికి కాగితం దొరకడం లేదు, ఎవరికైనా తెలుసా?

తెనాలి అమ్మాయి (పెన్సిల్వేనియా):
నమస్కారం అండీ. మా ఆయన ఇక్కడివారే, అమెరికన్. మా అత్తగారికి 81 ఏళ్లు. మార్చిలో మా అమ్మాయికి 18 నిండగానే వాళ్ల ఊళ్లోని ‘డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్’ అనే ఆడవాళ్ల సంఘం శాఖలో (చాప్టర్) చేర్పించాలని ఆవిడ ఒకటే పట్టుదల. తనూ అప్పుడే చేరతారట, ఇన్నాళ్లూ కుదరలేదట.

ఇక్కడి స్వాతంత్ర్య యుద్ధానికి సాయపడ్డవాళ్ల వంశమని తరం తరానికీ కాగితం చూపించాలి. మా వాళ్ల మూలపురుషుడు తుపాకీ పట్టలేదు, రైతు. యుద్ధం ఖర్చుకి వేసిన సప్లై ట్యాక్స్ కట్టాడు. అదీ లెక్కలోకి వస్తుందని చాప్టర్ రిజిస్ట్రార్ గారు చెప్పారు. (పన్ను కడితే దేశభక్తుడే! మా నాన్న ఇంటి పన్ను రసీదులన్నీ దాచారు, మా మునిమనవలకి పనికొస్తాయేమో.)

తద్దినం పెట్టేటప్పుడు మా నాన్న మూడు తరాల పేర్లు చెబుతారు. నాలుగోది అడిగితే “మీ పెదతాతని అడగాల్సింది” అంటారు, ఆయన పోయి పదేళ్లయింది. వీళ్లకి మా అమ్మాయితో కలిపి ఎనిమిది కావాలి. ఏడు కుదిరాయి. చిక్కంతా పైనుంచి రెండో ఆయన దగ్గర. 1820లో పుట్టినాయన ఈయన కొడుకే అనడానికి రుజువు లేదు. 1850 సెన్సస్ నుంచే ఇంట్లో అందరి పేర్లూ రాశారు, అప్పటికి కొడుకు వేరు కాపురం. 1840లో ఇంటి పెద్ద పేరు ఒక్కటే, మిగతావాళ్లు వయసుల వారీగా అంకెలు. ఈ రాష్ట్రంలో పుట్టుక, మరణాల రిజిస్ట్రేషన్ మొదలైందే 1906లో. వీలునామాలో “నా పిల్లలందరికీ సమానంగా” అని ఊరుకున్నాడు మహానుభావుడు.

అత్తగారి ట్రంకుపెట్టెలో పాత బైబిల్ ఉంది. మధ్య పేజీల్లో పుట్టిన తేదీలు, గోధుమరంగు సిరా. అది సరిపోతుందా?

రిచ్‌మండ్ పిన్ని:
అమ్మాయీ, మా కోడలి కాగితాలు నేనే దగ్గరుండి చూశాను. బైబిల్లో అచ్చు సంవత్సరం ఉన్న మొదటి పేజీ కూడా ఫోటో తియ్యి. 1870లో అచ్చయిన పుస్తకంలో 1785 పుట్టుక ఉంటే, అది ఎవరో విని తర్వాత రాసిందే కదా. తేదీలన్నీ ఒకే చేతిరాత, ఒకే సిరా అయినా అనుమానమే. రాసింది అబద్ధమని కాదు, అదొక్కటే నిలబడదు.

సంస్థ వెబ్‌సైట్‌లో ఆ మూలపురుషుడి పేరు ఉచితంగా వెతకొచ్చు. ఆయన వంశంలో ఎవరైనా ముందే చేరి ఉంటే వాళ్ల దరఖాస్తు కాపీ కొనుక్కో, సగం పని తగ్గుతుంది. మరీ పాత దరఖాస్తుల్ని మాత్రం నమ్ముకోకు, అప్పట్లో ఇంత గట్టిగా అడిగేవాళ్లు కాదు. నాయనమ్మ వైపు అని దిగులొద్దు, ఏ వైపైనా రక్తసంబంధమైతే చాలు.

ఇంకోటి, పొలం ఏమైందో చూశావా?

సైలెంట్ రీడర్:
1939లో మేరియన్ ఆండర్సన్ నల్లజాతి గాయని అని తమ కాన్‌స్టిట్యూషన్ హాల్‌లో పాడనివ్వనిది వీళ్లే కదా? అప్పటి అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ రాజీనామా చేసింది ఇందులోంచే. గోత్రాలూ ఇంటిపేర్లూ చాలలేదా, అక్కడ కూడా వంశమేనా?

రిచ్‌మండ్ పిన్ని:
నిజమే బాబూ, ఆ మచ్చ పోదు. ఆండర్సన్ లింకన్ మెమోరియల్ మెట్ల మీద పాడితే 75,000 మంది వచ్చారు. 1943లో ఆ హాల్‌లోనే పాడింది, కానీ తెలిసినంతలో మొదటి నల్లజాతి సభ్యురాలిని చేర్చుకోవడానికి 1977 దాకా పట్టింది. మా కోడలు చేరేముందు నేనూ ఇదే అడిగాను. తనకి తెలుసు, తెలిసే చేరింది.

డేటన్ సుబ్బలక్ష్మి:
నేను సిటిజన్‌షిప్ ప్రమాణం చేసిన రోజు కోర్టు గుమ్మంలో చిన్న జెండా చేతిలో పెట్టిన ముసలావిడ ఈ సంఘం మనిషే. నా పేరు పలకడానికి మూడుసార్లు ప్రయత్నించి, నాలుగోసారి సరిగ్గా అంది. అంతకుమించి నాకేం తెలీదు.

తెనాలి అమ్మాయి:
పిన్నిగారూ, మీ నోటి చలవ! బైబిల్ 1868లో అచ్చయింది, మీరన్నట్టే తేదీలన్నీ ఒకే చేతిరాత. దాన్ని పక్కన పెట్టి, కౌంటీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో రెండు మధ్యాహ్నాలు దస్తావేజులు తిరగేశాం. దొరికింది! తండ్రి పోయాక పిల్లలంతా కలిసి పొలం అమ్మారు. “ఫలానా ఆయన వారసులు” అని ఏడుగురి పేర్లూ వరసగా, భార్యలతో సహా ఉన్నాయి. మన 1820లో పుట్టినాయన భార్యకి సంతకం రాదు, పేరు మధ్యలో ఇంటూ గుర్తు పెట్టారు. అత్తగారు ఆ గుర్తు మీద వేలు పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఈవిడ పుట్టింటివాళ్లు ఎవరో చూద్దామా?” అన్నారు. మా ఆయన కారు తాళాలు తీసుకుని బయటికెళ్లిపోయారు.

ఇంతకీ పిన్నిగారూ, ఫోన్‌లో తీసిన ఫోటో చాలా, ఆఫీసు ముద్ర ఉన్న కాపీ తీసుకోవాలా?