ఇంజన్ నడిచే పాత డోజరా, ట్రాకులు బాగున్న డోజరా: ఏది కొనాలి?

పాతఇనుము:
ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నది, ఈసారి కొనేస్తున్నాను. పాత క్యాటర్‌పిల్లర్ డీ4 బుల్డోజర్లు రెండు దొరికాయి, రెండూ 1950ల నాటివే. మొదటిది స్టార్ట్ అవుతుంది, పొగ కాస్త ఎక్కువే గానీ నేనే ఎక్కి ముందుకీ వెనక్కీ నడిపి చూశాను. ట్రాకులు, అంటే చక్రాల బదులు తిరిగే ఇనుప పట్టీలు, మాత్రం అరిగిపోయాయి. రెండోది పదిహేనేళ్లుగా షెడ్డులో పడుంది, ఇంజన్ జామ్, ఇంచి కూడా తిరగట్లేదు. దాని ట్రాకులు ఎవరో కొత్తవి వేయించి పెద్దగా వాడకుండానే వదిలేసినట్టున్నారు. ధర ఇంచుమించు ఒకటే. సెలవు రోజుల్లో ఇంటి దగ్గర నేనే విప్పి బాగుచేసుకోవాలని ప్లాన్. ఇంట్లోవాళ్లు నడిచేదే తెమ్మంటున్నారు, లేకపోతే పెరట్లో ఇనుపగుట్టలా ఉండిపోతుందని వాళ్ల భయం.

గ్రీజుచేతులు:
రెండోది. ఆలోచించక్కర్లేదు. పాత డోజర్ కొనేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఇంజన్ చప్పుడు విని పడిపోతారు, కిందికి వంగి ఎవరూ చూడరు. డబ్బు తినేదంతా కిందే ఉంది. ట్రాకు చైను, దాని లింకుల్ని కలిపే పిన్నులు, వాటి మీది బుష్షులు, బరువు మోసే రోలర్లు, ముందుండే ఐడ్లర్ చక్రాలు, చైనుని తిప్పే పళ్ల చక్రాలు అంటే స్ప్రాకెట్లు... ఒకటి అరిగితే పక్కదాన్ని అరగదీస్తుంది, కాబట్టి ఒక్కటి మార్చి ఊరుకోవడం కుదరదు. పిన్నూ బుష్షూ ఒక వైపే అరుగుతాయి గనక వాటిని సగం చుట్టు తిప్పి మళ్లీ బిగిస్తే ఇంకొంత కాలం వస్తాయి, నిజమే, కానీ ఆ పనికి వంద టన్నుల లెక్కలో నొక్కే ప్రెస్ కావాలి. ఇంట్లో సుత్తితో అయ్యేది కాదు. ఇంజన్ అలా కాదు, నాలుగు సిలిండర్లు, పానాలు పట్టడం వచ్చినవాడు ఓపిగ్గా విప్పుకోవచ్చు.
మొదటిదాని స్ప్రాకెట్ పళ్లు ఎలా ఉన్నాయి? అరిగి మొన తేలాయా?

పాతఇనుము:
తేలాయి. చేత్తో తడిమితే గుచ్చుకుంటున్నాయి.

గ్రీజుచేతులు:
అయితే అది తుక్కు రేటుకి ఇచ్చినా ఆలోచించాల్సిందే.

నిదానమే_ప్రధానం:
అంత తేలిగ్గా తీర్పు చెప్పకండి అన్నా. పదిహేనేళ్లు జామ్ అయిన ఇంజన్ అంటే లోపల ఏముందో ఎవరికి తెలుసు? పిస్టన్ రింగులు తుప్పు పట్టి అతుక్కుపోయి ఉండొచ్చు, అది నయం. నీళ్లు గడ్డకట్టి బ్లాక్ పగిలి ఉంటే? పైగా ఈ బండ్లకి ఇంజన్ ఒకటి కాదు, రెండు. డీజిల్ ఇంజన్‌ని తిప్పడానికి పక్కన రెండు సిలిండర్ల చిన్న పెట్రోల్ ఇంజన్ ఉంటుంది, పోనీ మోటార్ అంటారు. ముందు దాన్ని స్టార్ట్ చేయాలి, దాని వేడితో పెద్దది వెచ్చబడ్డాక క్లచ్ వేసి తిప్పాలి. ఆ రెండింటికీ తిరిగే నీళ్లు ఒకటే. చిన్నది పగిలినా పని ఆగిపోయినట్టే. నడిచే బండి కొంటే కనీసం లారీ ఎక్కించడానికి దానంతటదే కదులుతుంది. ఐదారు టన్నుల బరువు, నలుగురు నెడితే కదిలే వస్తువు కాదు.
నా మాట వింటే రెండూ వద్దు. బాగు చేశాక పెట్టిన డబ్బులో సగం కూడా తిరిగి రాదు.

గ్రీజుచేతులు:
డబ్బు తిరిగి రావడానికి ఎవరు చేస్తారు గురూ ఈ పని? చేపలు పట్టేవాణ్ణి కిలో ఎంత పడిందని అడుగుతామా?

నిదానమే_ప్రధానం:
అడుగుతాం, వాడు పడవ కూడా కొంటే.

రెండులివర్లు:
ఇద్దరూ ఇంజన్, ట్రాకుల దగ్గరే ఆగిపోయారు. అసలు టెన్షన్ పెట్టేది స్టీరింగ్ క్లచ్‌లు, అంటే బండి తిరగడానికి ఒక వైపు ట్రాకుకి ఇంజన్ శక్తి అందకుండా ఆపే ప్లేట్లు. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న డోజర్‌లో ఆ ప్లేట్లు తుప్పు పట్టి ఒకదానికొకటి అంటుకుపోతాయి, అప్పుడు లివర్ లాగినా బండి తిన్నగానే పోతుంది. గోడ అయినా సరే, చెట్టయినా సరే. నా మొదటి బండికి అదే జరిగింది, గేటు పోయింది, మనిషి ఎవరూ అడ్డం లేకపోవడం అదృష్టం. కొనే ముందు క్లచ్ అరల అడుగున ఉన్న ప్లగ్ విప్పండి. నూనె కారితే సీలు పోయింది, ఎర్రటి నీళ్లు వస్తే ప్లేట్లు పట్టేసి ఉంటాయి. ఇంజన్ ఆయిల్ ప్లగ్ కూడా కాస్త వదులు చేసి చూడండి. నీళ్లు బరువు కాబట్టి ముందు అవే దిగుతాయి.
ఇంకొకటి, జామ్ అయిన ఇంజన్ని ఇంకో ట్రాక్టర్‌తో లాగి తిప్పుదామని ఎవరైనా అంటే వినొద్దు, పిస్టన్లని పట్టుకునే రాడ్లు వంగుతాయి. ఇంజెక్టర్లు తీసి గేర్ ఆయిలూ డీజిలూ కలిపి సిలిండర్లలో పోసి వారాల తరబడి నానబెట్టండి, రోజూ ఫ్లైవీల్‌ని (ఇంజన్ చివర ఉండే బరువైన చక్రాన్ని) గునపంతో కొంచెం అటూ కొంచెం ఇటూ.

పాతఇనుము:
నిన్న వెళ్లి చూసొచ్చాను. రెండోదాని ఆయిల్ ప్లగ్ వదులు చేస్తే ఓ గ్లాసుడు నీళ్లు, తర్వాత నల్లటి ఆయిల్. పాలలా తెల్లగా లేదు, అంటే నీళ్లు ఆయిల్‌లో కలిసిపోలేదు. పొగ గొట్టం మీద డబ్బా బోర్లించి ఉంది, ఆ పుణ్యాత్ముడెవరో గానీ దణ్ణం పెట్టుకున్నాను. పోనీ మోటార్ చేత్తో తిరుగుతోంది. కుడి క్లచ్ అర పొడిగా ఉంది, ఎడమ దాంట్లోంచి మాత్రం ఎర్రనీళ్లు.

నిదానమే_ప్రధానం:
ఎర్రనీళ్లు. నేను చెప్పలేదూ?

రెండులివర్లు:
చెప్పింది నేనండీ. ఒక వైపే కదా, పై మూత విప్పి ప్లేట్లు విడదీయడం పదిరోజుల పని. కొనచ్చు. కానీ పాత ఫ్రిక్షన్ లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, గాలి కొట్టి దుమ్ము లేపకండి, తడిపి తుడవండి. పాత పెయింటు గీకేటప్పుడూ అంతే, సీసం ఉంటుంది.

గ్రీజుచేతులు:
ఇంజన్ తిరిగాక హుషారులో వెంటనే స్టార్ట్ చేయకు తమ్ముడూ. ఏళ్ల నాటి డీజిల్ జిగురై పంపు రాక్, అంటే ఇంజన్‌కి ఎంత డీజిల్ వెళ్లాలో చూసే కడ్డీ, పట్టేసి ఉంటుంది. అది ఫుల్ దగ్గర ఇరుక్కుందంటే ఇంజన్ నీ మాట వినదు, అరుస్తూ పేలేదాకా పోతుంది. రాక్ చేత్తో జారుతోందో లేదో ముందు చూసుకో, గాలి పీల్చే గొట్టానికి అడ్డం పెట్టడానికి చెక్క ముక్కొకటి పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. ట్రాక్ లోపల ఐడ్లర్‌కి తగిలే దెబ్బని తట్టుకునే రికాయిల్ స్ప్రింగ్ జోలికి మాత్రం పోవద్దు, నొక్కిపెట్టి ఉన్న ఆ స్ప్రింగ్ ఊడితే ప్రాణాలు పోతాయి, అది తెలిసినవాళ్ల చేత చేయించాల్సిందే.

పాతఇనుము:
రెండోదే తీసుకుంటున్నాను, ఎడమ క్లచ్ చూపించి ధర కాస్త తగ్గించాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. దింపాక బ్లేడు ఎత్తి కింద దుంగలు పెడదామనుకుంటున్నా, మట్టి నేల మీద ఎంత మందం దుంగలైతే దిగబడకుండా ఉంటాయి?